మూడు గంటల దాకా హుసేనప్ప పక్కన

హుసేనప్ప ఫోన్ చేసినాడు. "సర్పంచికి నామినేషన్ ఏసినాన్రా. వెనక్కి తీసుకునే గడువు రేపు మూడు గంటలకు. అంతవరకు నా పక్కన కూసోవల్ల. వస్తావా?" మేమిద్దరం కోసిగి పక్క పల్లెలో కలిసి చదువుకున్నోళ్ళం. ఆ ఊళ్ళో సర్పంచి ఎప్పుడూ ఏకగ్రీవమే, పెద్దింటి రెడ్డి నిలబెట్టినోడే. ఎవరైనా పోటీకి దిగినా, ఆయనే మాట్లాడి గడువులోపల మాన్పిస్తాడు. అందుకే బయలుదేరినా.

నేనుండే కడపలో తెల్లవారుజామున గుంతకల్లు మీదుగా పోయే రైలెక్కితే ఆదోనిలో దిగొచ్చు. జనరల్ టికెట్టు నూటికి అటూ ఇటూ. స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని ఆటో ఎక్కినా. ఊరి పేరు వినగానే డ్రైవరు నవ్వినాడు. "మీ ఊళ్ళో ఎలక్షన్ యాడుండాదప్పా?"

"ఈసారి ఉండాదేమో."

"ఉంటే చెప్పు పెద్దాయనా, జనాన్ని పిల్చుకొచ్చి చూపిస్తా!"

ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలే. జనం మిరప కోతలకు గుంటూరు వైపు పోయినారు. మధ్యాహ్నం రెడ్డి హుసేనప్ప ఇంటికే వచ్చినాడు, వెనక బెల్లం పానకం బిందెతో మనిషి. మా ఊరి పద్ధతి అది. పానకం తాగితే ఒప్పుకున్నట్టే. చిన్నప్పుడు రెడ్డోళ్ళ అరుగు కింద మా నాయన పక్కన నిలబడి తాగేవాణ్ణి. రెడ్డి చెప్పిన పేరుకు అందరూ చేతులెత్తేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. ఊరంతా ఒకే ఇల్లు మాదిరి ఉండేది. ఎవరినీ ఏమీ అడగకపోయినా, ఆ దినాలంటే నాకిప్పటికీ ఇష్టమే.

"ఊరు చీలితే నీకేమొస్తాది హుసేనప్పా? తాగు."

"మా నాయన నీ అరుగు కాడ చెయ్యెత్తినాడు, నేనూ ఎత్తినా. ఇంక చెయ్యి నొస్తాండాది రెడ్డీ."

"గెలుస్తావా?"

"ఓడిపోతానేమో. కోతకు పోయినోళ్ళు వచ్చి, వాళ్ళే ఓడించనీ."

రెడ్డి నా వైపు తిరిగినాడు. "నువ్వన్నా చెప్పప్పా." ఏలకుల వాసనకు నోరూరింది. చేతికిచ్చిన గ్లాసు కింద పెట్టేసినా.

మూడు దాటినాక రెడ్డి లేచి, పానకం బిందె ఎత్తించుకొని వెళ్ళిపోయినాడు. అప్పుడు హుసేనప్ప, "శానా భయపడినాన్రా" అన్నాడు.

తిరుగు రైల్లో ఆలోచించినా. స్వరాజ్యం వచ్చినాక పుట్టినోణ్ణి. అసెంబ్లీకి, పార్లమెంటుకు ఎన్నోసార్లు ఓటేసినా. మా ఊరికి మాత్రం ఇంతవరకు వెయ్యలేదు. పోలింగు సమయంలో ఆ వైపు పోయేవాళ్ళు ముందురోజే చేరుకోండి, కోతల నుంచి తిరిగొచ్చే జనంతో బస్సుల్లో చోటుండదు. నా ఓటు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది, నేనూ ముందురోజే పోతా. హుసేనప్ప గెలిస్తే సంతోషం. ఓడితే, మా ఊళ్ళో ఓట్లతో ఓడిన మొదటి మనిషి అవుతాడు.