ఆగిపోయిన స్టేషను

మిర్యాలగూడలో మా అక్క తన రేడియో ముల్లును ఎవరినీ కదపనివ్వదు. చనిపోయిన బావ తన చేత్తో పెట్టిన స్టేషను అది. ఈ మధ్య ఆ ప్రసారాలే ఆగిపోయాయి. అయినా రోజూ రేడియో పెట్టుకుని, ఆ గరగర వింటూ బియ్యం చెరుగుతుంది.

చూడలేకపోయాను. కోదాడలో నేను పనిచేసే కాలేజీ ల్యాబు నుంచి సాఫ్ట్‌వేర్ రేడియో పెట్టె తెచ్చాను. కంప్యూటర్లో నంబరు కొడితే చాలు, ఏ స్టేషను తరంగాన్నైనా అది పుట్టిస్తుంది. ఆ గది దాటిపోనంత సన్నగా, బావ స్టేషను నంబరు మీదే పాత పాటలు వదిలాను. రేడియో పాడింది. ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాను.

అక్క చేతిలో చేట ఆగింది. పాట అయ్యేదాకా విన్నది.

"ఖతమైందాన్ని మళ్ల తెచ్చినవ్ గదా తమ్మీ. మీ బావను గూడ గిట్లనే తేరాదు?"