ఆమె పెట్టని సంతకం

టెస్టింగక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని కంపెనీలో అందరికీ తెలుసు. ఆ కోపం వల్లే కంపెనీ ఇరవై రెండేళ్లు బతికిందన్న సంగతి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

అది కంప్యూటర్లు బిగించి అమ్మే చిన్న కంపెనీ. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కు, ఫ్యాను అన్నీ బయటినుంచి వచ్చేవే. ఎదురు వీధి కంపెనీకీ అదే లారీలో అవే పెట్టెలు దిగుతాయి. తేడా అల్లా అక్క గదిలో ఉండేది. బిగించిన ప్రతి సిస్టాన్నీ ఆమె రెండు రోజులు ఆపకుండా నడిపేది. పెద్ద పెద్ద ఫైళ్లు అటూ ఇటూ కాపీ చేయించి, ఒక్క అక్షరం తేడా వచ్చినా వెనక్కి పంపేది. నడుస్తుండగా కరెంటు పీకేసి మళ్లీ లేస్తుందో లేదో చూసేది. అన్నీ కుదిరాకే 'నేను చూశాను' అన్న చీటీ మీద సంతకం పెట్టి, కింద తన ఫోన్ నంబరు రాసి డబ్బాలో వేసేది. బిగించేవాళ్లు ఆమెను చాటుగా అత్తగారని తిట్టుకునేవారు. కొనేవాళ్లు మాత్రం డబ్బా విప్పగానే ముందు ఆ చీటీ కోసమే వెతికేవారు.

ముసలి యజమాని మంచం పట్టాక అల్లుడు కుర్చీ ఎక్కాడు. అల్లుడుగారి దృష్టిలో బ్రాండంటే రంగు. కొత్త గుర్తు గీయించాడు, గోడలకు నీలం పూయించాడు, అందరికీ నీలం చొక్కాలు కుట్టించాడు. రెండు రోజుల పరీక్ష అరగంటకు దించబోతే అక్క నిప్పులు చెరిగింది. సరే, మీ గదికి వచ్చినవి మీ ఇష్టప్రకారమే చూసుకోండి అన్నాడు. ఆమె పొంగిపోయింది. ఆ తర్వాత గదికి వచ్చే సిస్టాలు తగ్గిపోతే, అమ్మకాలు పడిపోయాయేమో అనుకుంది. ఆ అమాయకత్వానికి ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటుంది.

ఒక ఉదయం కోర్టు దగ్గర టైపింగ్ షాపాయన కంప్యూటర్‌ను చంకన పెట్టుకుని నేరుగా ఆమె గదికొచ్చాడు. ఎవరో ఒకావిడ అప్పీలు కాగితాలు చివరి రోజున టైపు చేస్తుంటే సిస్టం చచ్చిందట. గడువు దాటిపోయింది. ఆవిడ ఇల్లు చేజారేలా ఉందట.

"మీ సంతకం చూసే కదమ్మా కొన్నాను" అంటూ చీటీ బల్ల మీద పెట్టాడు.

సంతకం ఆమెదే. ఆ సిస్టాన్ని మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. వేలితో రుద్ది చూస్తే పెన్ను ఒత్తిన జాడ లేదు. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట కంపెనీ కొత్త నీలం గుర్తు ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి నిలదీస్తే అల్లుడు దాచనూ లేదు, సిగ్గుపడనూ లేదు. సంతకాన్ని ప్రెస్సులో అచ్చేయించానని, మూడు నెలలుగా ప్రతి డబ్బాలోనూ వేస్తున్నామని నింపాదిగా చెప్పాడు.

"అది మన బ్రాండక్కా. మీకే కదా పేరు."

"అది నా మాట బాబూ. చూడనిదాన్ని చూశానని నా చేత అబద్ధం ఆడించావు."

ఆ ఆవిడ ఇంటి సంగతి అడిగితే, వారంటీ కింద సిస్టం మార్చి ఇస్తామన్నాడు.

ఇక అతనితో మాట్లాడటం దండగనిపించింది. అక్క నేరుగా ముందు హాల్లోని కౌంటర్ దగ్గర కూర్చుని, మూడు నెలల కస్టమర్ల జాబితా ముందేసుకుని ఫోను తీసింది. మీ డబ్బాలో ఉన్న సంతకం నేను పెట్టలేదు, ఆ సిస్టం నేను చూడలేదు, ముఖ్యమైనవన్నీ ఇవాళే వేరేచోట కాపీ చేసుకోండి అని ఒక్కొక్కరికీ చెప్పసాగింది. పదకొండో ఫోనుకు అల్లుడు పరుగున వచ్చి వైరు పీకేశాడు. ఈ క్షణమే ఉద్యోగంలోంచి తీసేశానన్నాడు. ఆమె జాబితా మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

పన్నెండో పేరు రెండు వీధుల అవతల ఉన్న పళ్ల డాక్టరుది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఏ కంపెనీ నుంచి వచ్చారని అడిగింది. ఇరవై రెండేళ్లుగా నోటికి అలవాటైన పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏ కంపెనీ కాదమ్మా" అంది. "మీ డబ్బాలో చీటీ మీద ఉన్నది నా పేరు. నన్ను ఆ సిస్టం చూడనివ్వు."