నడుముకు కట్టుకున్న ట్యూబు

ఎల్లేశ్‌ను నేను తిట్టినన్ని తిట్లు మా ఇంట్లోవాళ్ళను కూడా తిట్టి ఉండను. కాటారం అవతల, అడవి అంచున ఉన్న ఊళ్ళో నేను నర్సును. పసిపిల్లల టీకాల డబ్బాను ప్రతి బుధవారం మండల దవాఖాన నుంచి పద్నాలుగు కిలోమీటర్లు సైకిల్ మీద తెచ్చేది అతనే. యాభై అయిదేళ్ళుంటాయి. బక్క మనిషి, మాట తక్కువ. నాకేమో మాట ఎక్కువ.

అతనిలో నాకు నచ్చనిది ఒక్కటే, నడుముకు చుట్టుకున్న సైకిల్ ట్యూబు. దారిలో చక్రం ట్యూబు పోతే మార్చుకోవడానికని, గాలి తీసి, అంటుకోకుండా పౌడరు చల్లి, పాత ధోవతి గుడ్డలో చుట్టి చొక్కా కింద కట్టుకునేవాడు. అందరి ముందూ చొక్కా ఎత్తి దాన్ని సర్దుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. సీటు కింద పెట్టుకోవచ్చు కదా అంటే, స్ప్రింగు ఒరుసుకుని చిల్లు పడుతుందనేవాడు. క్యారియర్‌కు కట్టుకోమంటే ఎండకు పెళుసవుతుందనేవాడు. కాటారంలో ఇప్పుడు అందరివీ మోటార్ సైకిళ్ళే. అతని పెద్ద సైకిల్‌కు ట్యూబు కావాలంటే భూపాలపల్లి నుంచి తెప్పించుకోవాలి. దారిలో సగానికి పైగా అడవి, పంక్చర్ దుకాణం లేదు, ఫోను పలకదు. ఇవన్నీ తెలిసి కూడా నేను నవ్వేదాన్ని.

మొన్న ఫిబ్రవరిలో జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన సారు, ఈ రోజుల్లో సైకిల్ మీద టీకాలేమిటని చిరాకుపడ్డాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఈ పని మోటార్ సైకిల్ ఉన్నవాళ్ళకు ఇస్తానని ఎల్లేశ్ మొహం మీదే అన్నాడు. ఎల్లేశ్‌కు మోటార్ సైకిల్ నడపడం రాదు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పని అది. ఊళ్ళో చంటిపిల్లల పేర్లన్నీ అతనికి నోటికి వచ్చు.

సరిగ్గా ఆ వారమే డబ్బాను సైకిల్‌కు కట్టే తాడు పుటుక్కున తెగింది. ఇంకో తాడు వెతికే ఓపిక నాకు లేదు. నడుముకున్న ట్యూబు విప్పి కట్టమన్నాను.

“గిది కట్టనీకి వాడొద్దు మేడం. సాగితే ఖరాబైతది,” అన్నాడు.

“రబ్బరుకు ఏమైతది? తాడు నేను తెప్పించేదాక గట్లనే ఉండనీ,” అన్నాను.

నాకు ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. కట్టాడు. తాడు సంగతి నేను మరిచిపోయాను. మూడు వారాలు ఆ ట్యూబు ఎండలో బిగుసుకుని ఉండిపోయింది.

ఆ మూడో బుధవారం పదకొండు మంది తల్లులు వచ్చారు. మిర్చి ఏరే రోజులు. టీకా వేయించుకుని సగం పూట కూలికైనా అందుకుందామని పిల్లలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పదింటికి రావలసిన ఎల్లేశ్ పదకొండున్నరైనా రాలేదు. తనిఖీ సారు మాత్రం వచ్చాడు. కాసేపు గడియారం చూసి, వీళ్ళను వచ్చే వారం రమ్మనండి అన్నాడు. తండా నుంచి మూడున్నర నెలల కూతురిని ఎత్తుకొచ్చిన జమ్లీ లేవలేదు.

“ఎల్లేశన్న వస్తడు సార్. వానకాలంల వాగు నడుం దాక వచ్చినా డబ్బ నెత్తిమీద పెట్టుకొని దాటిండు,” అంది.

మిగతావాళ్ళూ కదలలేదు. నాకు మాత్రం కాళ్ళు ఒక చోట నిలవలేదు.

పన్నెండుంబావుకు వచ్చాడు. నడిచి, నెత్తిమీద డబ్బాతో. వెనక చక్రం ట్యూబు వాల్వు దగ్గర చిరిగిపోయిందట. డబ్బాకు కట్టినదాన్ని విప్పి ఎక్కిస్తే, ముడి ఉన్నచోటంతా పగుళ్ళు, కొట్టిన గాలి కొట్టినట్టే పోయిందట. ఆటోలన్నీ పొద్దున్నే కూలీలతో చేలకు వెళ్ళిపోయాయి. సైకిల్‌ను చెట్టుకు ఆనించి ఏడు కిలోమీటర్లు నడిచాడు. డబ్బా తెరిచి చూశాను, టీకాల చుట్టూ పెట్టిన మంచు కరగలేదు.

సారు ఎందుకు ఆలస్యమైందని అడిగాడు.

“నాదే తప్పు సార్. దాచుకున్న ట్యూబును కట్టనీకి వాడిన,” అన్నాడు ఎల్లేశ్. నా వైపు చూడనైనా చూడలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో పెద్ద నోరని పేరు పడ్డ దాన్ని, నా తప్పు ఒప్పుకోవడానికి మాత్రం సారు పెన్ను తీసేదాకా ఆగాను.

“కట్టమన్నది నేను సార్. వద్దన్నా వినలేదు. ఆలస్యం నా పేరు మీద రాసుకోండి,” అన్నాను చివరికి.

సారు నన్ను చూశాడు, కదలకుండా కూర్చున్న ఆ తల్లులను చూశాడు. రిజిస్టర్‌లో నా పేరే రాశాడు. డబ్బా ఎవరు తేవాలన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మొదటి సూది జమ్లీ కూతురికి వేశాను.

అందరూ వెళ్ళాక, తప్పయిందని చెబుదామని ఎల్లేశ్ దగ్గరికి వెళ్ళాను. భుజానికి తగిలించుకోవడానికని ఖాళీ డబ్బాకు ఆ పగిలిన ట్యూబును చుట్టి ముడివేస్తున్నాడు.

“గిప్పుడు గిది కట్టనీకే పనికొస్తది మేడం,” అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

భూపాలపల్లి నుంచి కొత్త ట్యూబు తెప్పించాను. ఆ తర్వాతి బుధవారం అతను అందరి ముందూ చొక్కా ఎత్తి దాన్ని నడుముకు చుట్టుకుంటుంటే, పౌడరు డబ్బా పట్టుకుని పక్కన నేనే నిలబడ్డాను.