తలనొప్పితో మేడెక్కిన మేనత్త

మా పై అంతస్తు ఆంటీ పోయారు. పోయిన నెల ఒక పొద్దున పాల భయ్యా మెట్లు దిగి వచ్చి, ఆంటీ తలుపు తీయడం లేదని చెప్పాడు. ముందురోజు ప్యాకెట్టు కూడా గుమ్మంలోనే ఉందట. ముందురోజంతా నేను ఇంట్లోనే ఉన్నాను, ఎపిసోడ్ రాసుకుంటూ.

ఉత్తరాదిన జనక్‌పురిలో ఈ కింది వాటాలో కూర్చుని నేను హైదరాబాద్‌కి ఒక డైలీ సీరియల్ రాసి పంపుతాను. తొమ్మిదేళ్లుగా నడుస్తోంది, నేను నాలుగో రైటర్ని. ఆంటీది భీమవరం దగ్గర. ఇక్కడే నర్సుగా చేసి రిటైరయ్యారు. అంకుల్ లేరు, పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు సాయంత్రం ఏడింటికి నా సీరియల్.

అందులో తప్పు దొరికితే చేతికర్రతో నేల మీద టక్కున కొట్టేవారు. నా నెత్తిన కొట్టినట్టే ఉండేది. మర్నాడు మెట్ల మీద ఆపి, సీరియల్ మొదట్లో వేరుశనగ పడక ఆసుపత్రి పాలైన పిల్లకి ఇప్పుడు పల్లీ చట్నీ ఎలా తినిపించావమ్మా అని అడిగేవారు. అవన్నీ ఎవరికి గుర్తుంటాయి ఆంటీ అంటే, నాకున్నాయిగా అనేవారు. ఒళ్లు మండేది నాకు.

ఆవిడ అసలు బెంగ మేనత్త గురించి. సీరియల్లో హీరో మేనత్త ఒకరోజు తలనొప్పని మేడ మీదికి వెళ్లింది. ఆ వారమే రైటర్ మారాడు. ఆమె మళ్లీ దిగలేదు. నాలుగేళ్లలో ఆ ఇంట్లో పెళ్లిళ్లు, బారసాలలు అయ్యాయి. ఆమె ఏదని ఒక్కరూ అడగలేదు.

"మేం డ్యూటీ మారేటప్పుడు ఏ బెడ్డు మీద ఎవరున్నారో చెప్పి మరీ వెళ్లేవాళ్లం," అన్నారు ఆంటీ. "మీరు చెప్పుకోరా? చంపేస్తే చంపేయండమ్మా, ఏడ్చి ఊరుకుంటాను. మర్చిపోతే ఎలా?"

దింపుతాను ఆంటీ అని మాటిచ్చాను. రేటింగులని, పెళ్లి ట్రాకని ఏడాది దాటించాను. రోజూ అరగంట చొప్పున ఏళ్లకేళ్లు మనల్ని నమ్మి కూర్చున్నవాళ్లకి ఏదీ గుర్తుండదులే అనుకుని రాయడం కన్నా చెడ్డ రాత లేదు. ఆ సంగతి ఆవిడ చెబుతూనే ఉన్నారు, నేనే వినిపించుకోలేదు.

ఆవిడ పోయిన రోజు సాయంత్రం పైన కర్ర చప్పుడు కాలేదు. తప్పు లేకుండా రాశానని మురిసిపోయాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అంత్యక్రియలయ్యాక మేనత్త దిగే సీను రాశాను. డైరెక్టర్ ఫోన్ చేసి, ఇన్నేళ్లూ ఈవిడ ఎక్కడుందని చెప్పిద్దాం అని అడిగాడు. డైలాగు పంపాను: "పైనే ఉన్నాను. ఎవరూ పిలవలేదు."

నిన్న ఏడింటికి వచ్చిందది. మేనత్త రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. నేను టీవీ సౌండు తగ్గించి, ఏ చిన్న తప్పయినా ఉండకపోతుందా అని, పైకప్పు వైపే చూస్తూ కూర్చున్నాను.