ముద్ర లేని బస్తా

ఒక తుక్కు యార్డువాడు ముద్ర లేని బస్తా ఒక్కటి నా చేత విప్పించి, ముద్రలున్న బస్తాలన్నీ నాకు అంటగట్టేడు. నన్ను మోసం చేసేడు. ఇన్నేళ్ళయినా ఆ మాట నేను మార్చుకోను.

అనకాపల్లిలో నాకు తుక్కు కొట్టు ఉండేది. ఇనుము, సీసాలు, పాత కాయితాలు. బడికి నేను వెళ్ళింది మూడో తరగతి దాకానే. మిగతా చదువంతా ఆ కొట్టులోకి కిలోల లెక్కన వచ్చిన పుస్తకాలే చెప్పేయి. రేడియో రిపేరు పుస్తకం ఒకటి అట్ట ఊడిపోయి వస్తే అమ్మకుండా దాచుకుని, రేడియో లోపలి బోర్డు మీద ఏ ముక్క దేనికో నేర్చుకున్నాను. అంచేత రెండువేల సంవత్సరం దాటేక మన వైపు కూడా కంప్యూటర్లు పాతబడి, వాటి బోర్డులు తుక్కులోకి రావడం మొదలెట్టినప్పుడు, ఈ సరుకు నాకు తెలిసినంతగా ఇంకెవడికీ తెలీదనుకున్నాను.

మద్రాసు నుంచి ఒక షావుకారు లారీ వేసుకొచ్చి బోర్డులు కొనుక్కెళ్ళేవాడు. ఆకుపచ్చ కంప్యూటర్ బోర్డుకి మంచి ధర. టీవీల్లోంచి పీకిన గోధుమరంగు బోర్డుకి ఏదో ఇంత. రెండూ కలిపి బస్తాల్లో కుక్కేస్తే అది కలగలుపు సరుకు. చవకగా వస్తుంది, ఎందుకంటే లోపల ఏముందో చూడకుండా కొనాలి. ఎక్కడెక్కడ మునగవచ్చో అన్నీ ఆలోచించుకున్నాను. పైన పచ్చవి పరిచి కింద గోధుమవి నింపొచ్చు. ఐసీలు, అంటే ఆ నల్ల చిప్పులు, ముందే పీకేసి ఉండొచ్చు. బంగారు పూత ఉన్న అంచులు కోసేసి ఉండొచ్చు. తూకం కోసం నీళ్ళు చల్లి ఉండొచ్చు. ఇవన్నీ జరిగినా ప్రాణం మీదికి రాదు కదా అనుకుని, ధైర్యంగా ఆ కలగలుపు బస్తాలు అమ్మే తుక్కు యార్డుకి, గాజువాక అవతలికి వెళ్ళేను.

ఆ యార్డువాడు మా వైపు మనిషే. వాళ్ళ నాన్న చీడికాడ దగ్గర చెరుకు పండించి మా మార్కెట్టుకి బెల్లం తోలేవాడు. ఆ వరసన నన్ను మావా అనేవాడు.

“ఇప్పి సూసుకుంటానురా అల్లుడా,” అన్నాను.

“అన్నీ ఇప్పితే మళ్ళీ కుట్టేదెవుడు మావా, నువ్వు కుడతావా? ఒక్కటి ఇప్పుకో. ఏదైనా నీ ఇట్టం.”

“ఏదైనా?”

“కావాలంటే నేనటు తిరిగి నిలబడతాను.”

వయసులో నేను బెల్లం మార్కెట్టులో కలాసీగా దిమ్మలు మోసినవాణ్ణి. మంచి దిమ్మలు ముందు పెడతారు, నల్లవి వెనక దాస్తారు. అది తెలిసిన వ్యాపారి కనిపించే దిమ్మ ముట్టుకోడు. గోడవారన, అడుగు వరసలో చెయ్యి పెట్టి, ఆ దిమ్మ పగలగొట్టి రంగు చూస్తాడు. నేనూ అదే చేసేను. పై బస్తాలన్నీ దింపించి, గోడకి ఆనుకున్న అడుగు బస్తా లాగి బోర్లించేను. నిగనిగలాడే పచ్చ బోర్డులు. ఐసీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తడి లేదు.

“ఏం కన్ను మావా నీది!” అన్నాడు వాడు.

ఆ మాటకి పొంగిపోయి డబ్బిచ్చేసేను.

ఇంటికొచ్చి రెండో బస్తా విప్పేను. మా ఆవిడ ఒక బోర్డు తీసి వెలుగులో పెట్టి చూసింది.

“ఏటండీ, దీని మీద గవర్నమెంటోళ్ళ ముద్రుంది?”

తెల్ల రంగుతో ఒక సర్కారు ఆఫీసు ముద్ర, దాని కింద నంబరు. మరో బోర్డు మీదా అదే. కొన్నిటి మీద ఆ ముద్రని కత్తితో గోకేరు. సగం గోకి వదిలేసేరు. నేను భయపడింది ఆ గోకుడు చూసే. ముద్ర ఉంటే ఉండనీ, దాన్ని చెరపవలసిన అవసరం ఎవడికుంటుంది? మూడో బస్తా, నాలుగో బస్తా, అన్నీ అంతే.

“మనం కొన్నాం కదా,” అంది. “దొంగతనం చెయ్యలేదు కదా.”

“తుక్కోడు కొన్నాడంటే ఎవుడు నమ్ముతాడే?”

పొలాల్లో మోటారు పోయినా, కరెంటు తీగ పోయినా పోలీసులు ముందు వచ్చేది మా కొట్లకే. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకాయన తెలియక ట్రాన్స్‌ఫార్మర్ రాగి తీగ కొన్నాడు. తీసుకెళ్ళేరు. తిరిగొచ్చేక ఆయన పిడికిలి బిగించలేకపోయేవాడు. వాళ్ళావిడే ఆయనకి లుంగీ ముడి వేసేది. ఆయన చేసిన నేరం కొనడం, అంతే! ఆ ముడి వేయించుకుంటున్నప్పుడు ఆయన మొహం పక్కకి తిప్పుకునేవాడు. నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది.

బస్తాల మీద పాత పేపర్ల కట్టలు పేర్చేసేను. రోడ్డు మీద జీపు శబ్దమైతే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకొచ్చి చూసేవాణ్ణి. మద్రాసు షావుకారు ముద్రలు చూడడు, నిజమే. కానీ అక్కడ పట్టుబడితే నా పేరే చెప్తాడు. పోనీ నేనే స్టేషన్‌కి పట్టుకెళ్దామంటే, తెచ్చినవాణ్ణే ముందు లోపల కూర్చోబెడతారు.

ఇలా ఉండగా ఒక కానిస్టేబులు కొట్లోకి వచ్చేడు. సరాసరి ఆ పేపర్ల కట్టల మీదే చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“మావోడి సైకిలికి పెడలుందేటి?”

వెతికి ఇచ్చేను. డబ్బులొద్దన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసేడు.

“ఏటలా సెమట్లు కారుతున్నాయి?”

“జొరమండి, రాత్రి నుంచీ,” అంది మా ఆవిడ లోపల్నుంచి.

“మరి కొట్టు తియ్యడమెందుకు, పడుకోక?” అని పెడలు ఊపుకుంటూ వెళ్ళిపోయేడు.

మా ఆవిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని అంది: “రేపే పట్టుకెళ్ళి ఆడి యార్డులో పడేసి రండి. డబ్బు పోతే పోయింది. నాకు ఈ సేతులు కావాలి.”

పట్టుకెళ్ళేను.

“అమ్మిన సరుకు ఎనక్కి తీసుకోను మావా,” అన్నాడు చూస్తూనే.

“డబ్బడగట్లేదు. దించేసి పోతాను. అడుగు బస్తా ఒక్కదానికే ముద్రల్లేవు. బెల్లం దగ్గర పెరిగినోడు ఎక్కడ సెయ్యి పెడతాడో తెలిసే అక్కడ పెట్టేవు కదరా! సరే, ఒక్క మాట సెప్పు. ఇది దొంగ సరుకేనా?”

వాడు నా మొహంలోకి కాసేపు చూసేడు. బస్తాలు దించమని పనివాళ్ళకి సైగ చేసి, ఫోను చెవిన పెట్టుకుని అటు తిరిగేడు.

ఆ మౌనమే నన్ను ఏళ్ళ తరబడి తినేసింది. దొంగ సరుకు పట్టివేత అని పేపర్లో పడితే ఫొటోలో వాడి మొహం కోసం వెతికేవాణ్ణి. వాడు దొరికితే నా పేరు బయటికొస్తుంది కదా. బోర్డుల జోలికి మళ్ళీ పోలేదు. మద్రాసు లారీ వస్తే కొట్టు తలుపు సగం వేసేసేవాణ్ణి.

చివరికి ఒకనాడు బస్‌స్టాండు పక్కన టీ కొట్లో వాడే ఎదురయ్యేడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి తనే ఇంకో టీ చెప్పేడు. నేను గ్లాసు ముట్టుకోలేదు. అదే ప్రశ్న అడిగేను, దొంగ సరుకా కాదా అని. ఈసారి జవాబు చెప్పేడు:

“దొంగ సరుకేటి మావా? ఆ ఆపీసోళ్ళే వేలం ఏత్తే పాడుకున్నాను. ముద్రలు సూత్తే మీరంతా జడుత్తారని గోకించడం మొదలెట్టేను. ఒక్క బస్తా మచ్చ కనపడకుండా గోకేసరికి కూలి గిట్టక, మిగతావి సగంలో వదిలేసేను. ఆ రోజే ఈ మాట సెప్పుంటే, సరుకంతా ఊరికే దించేసి ఎల్లేవోడివా నువ్వు?”