బెంగాలీలో రాసిన కాగితం

అరచేయంత కాగితం. ఐదేళ్లు గుండె మీద బరువై ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కరోనా రోజుల్లో జపాన్ గురించి దొరికిందల్లా చదివాను. అక్కడ చట్టం బలవంతపెట్టకపోయినా జనం మాస్కులు పెట్టుకున్నారని, దూరం పాటించారని బెంగాల్‌లోని ఈ రైల్వే ఊళ్లో, మా ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు సందులో అందరికీ చెప్పేవాణ్ణి. తెరిచి ఉన్న దుకాణాల మీద అక్కడ కొందరు పేరు లేని హెచ్చరికలు అంటించారని కూడా చదివాను. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. చేశాను.

పక్క క్వార్టర్ అప్పలనర్సమ్మ వరండాలో ఇడ్లీలు అమ్మేది. ఆమె దగ్గింది. రెండుసార్లు. ఆ మధ్యాహ్నం ఆమె తలుపుకు కాగితం అంటించాను: ‘ఈ ఇంట్లో రోగం ఉంది. ఇక్కడ తినకండి.’ సందులో తెలుగు ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టేది నేనే. నా చేతిరాత అందరికీ తెలుసు. అందుకని ఊళ్లో అందరూ చదవగలిగే బెంగాలీలో రాశాను. భయంతో చేశానా? నా భార్యకు ఆయాసం ఉండేది, నిజమే. కానీ భయపడినవాడు అంత ఆలోచించి లిపి మారుస్తాడా?

ఆమెకు ఏ రోగమూ లేదు. కొన్ని నెలలకు జనం మళ్లీ ఇడ్లీలు కొన్నారు. నింద మాత్రం ఎదురింటి బిమల్ దాదా మీద ఉండిపోయింది. సందులో బెంగాలీ ఇల్లు అదొక్కటే. రోజూ ఆమె దగ్గర తినే మనిషి. తాను రాయలేదని చెప్పుకున్నా ఎవరూ నమ్మలేదు. నేను విన్నాను. ఊరుకున్నాను.

పోయిన నెల నా భార్య పోయింది. పాడె మోసిన నలుగురిలో దాదా ఒకడు. అది చూశాక ఇంకెలా దాచను?

మొన్న పొద్దున్న ఇడ్లీల దగ్గర పదిమంది ఉండగానే చెప్పాను.

“అమ్మా, ఆ కాయితం నేనే అంటించినాను.”

“ఏ కాయితం, బాబాయిగోరూ?” గరిటె ఆగింది. “ఆ బెంగాలీదా? సదువుకున్నోరు, మీరా?”

“నేనే.”

“దాదాని నేనెన్నేసి మాటలన్నానో ఇననేదేటి మీరు?”

“ఇన్నాను.”

“మరి నా గుమ్మంకాడికి రాకండి.”

వెనక ఎవరో నవ్వారు. “జపాను మాస్టారికి ఇడ్లీ ఒద్దంటేటి?”

ఆమె రోడ్డు మీదికి వెళ్లి కేకేసింది. “దాదా! ఓ దాదా! ఇలా రా, నా వల్ల తప్పయిపోనాది!”

“కీ హోలో, దీదీ?” ఏమైందని అడుగుతూ, లుంగీ సర్దుకుంటూ దాదా వచ్చాడు. ఆమె చెప్పింది. అతను నా వైపు ఒకసారి చూసి, వెళ్లి ఆమె వరండాలో కూర్చున్నాడు.

క్షమించమని నేను అడగలేదు. వాళ్లూ క్షమించలేదు. అయినా తిరిగి వస్తుంటే లోపలంతా గెలుపే. సిగ్గుపడాల్సిన చోట గెలుపేమిటి? ఎంత ప్రశ్నించుకున్నా అది తగ్గలేదు. నేను చేసింది తెలియనివాళ్లు ఇప్పుడా సందులో ఎవరూ లేరు. ఆ సందులోనే తలెత్తి నడిచాను.