వనపర్తిలో కొన్న చీర

ఉదయం ఏడున్నరకు గద్వాలలో వనపర్తి బస్సెక్కాను. వెనక వచ్చేవారికి ముందే చెబుతున్నాను, అరగంట ముందు రండి. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. మా తాతగారికి సొంత గుర్రబ్బండి ఉండేది. నేను బీచుపల్లి దాకా కడ్డీ పట్టుకొని నిలబడ్డాను.

నాగర్‌కర్నూల్‌లో మా తమ్ముడి బిడ్డ కొత్తింట్లో పాలు పొంగిస్తోంది. మేము పెట్టిన పేరు నరసింహ. ఇప్పుడు నందిని. తమ్ముడు లేడు. "పెద్ద దిక్కు నువ్వే పెదనాయనా. కాని నేను పంపిన పుస్తకం చదివి రా" అంది ఫోనులో. అదొక ఆఫ్రికా నవల, తెలుగులోకి వచ్చింది. పెద్దింట కొడుకుగా పుట్టిన బిడ్డ తాను కూతురినంటుంది. తండ్రి అవుననడు, కాదనడు. నూరు పేజీలైనా అదే మౌనం! మా ఇంట కొడుకు ఇల్లు కడితే పెద్దవాడు పంచె పెట్టాలి. పుస్తకం ఏం చెప్పినా సరే, నేను పంచె సంచిలో పెట్టుకొనే బయలుదేరాను.

బీచుపల్లిలో సీటు దొరికింది, పుస్తకం తెరిచాను. పక్కన గట్టు మండలం నుంచి వస్తున్న పెద్దామె, ఒళ్లో పల్లీల సంచి.

"ఏంది సారూ, బుక్కు మీద గట్ల గుర్రుమంటున్నవ్? ఏడికి?"

"తమ్ముడి బిడ్డ ఇల్లు కట్టుకుంది."

"గద్వాలోళ్లు గదా, ఏం చీర తీస్కపోతున్నవ్?"

పంచె అన్నాను.

"బిడ్డకు పంచెనా? నవ్వుతరు! గద్వాల ఇజ్జత్ పోతది."

అసలు సంగతి చెప్పబోయి ఆగిపోయాను. చేతిలోని పుస్తకంలో ఆ తండ్రి కూడా ఇలాగే నోరు విప్పడు.

తొమ్మిదింటికి వనపర్తి. బస్టాండు ఎదుట చల్లారిన బొరుగుల ఉగ్గాణి తిని, బట్టల దుకాణంలోకి వెళ్లాను.

"ఏ ఊరు సారూ?"

"గద్వాల."

"గద్వాల నుంచొచ్చి ఈడ చీర కొంటున్నరా!"

దుకాణమంతా నవ్వింది. ఒళ్లు మండింది. ఆకుపచ్చ చీర తీసుకొని బయటపడ్డాను.

పదకొండుకు నాగర్‌కర్నూల్ చేరేసరికి పాలు పొంగిపోయాయి. గడపలో నిలబడ్డ నందినికి బొట్టు పెట్టి కవరు చేతికిచ్చాను.

"వనపర్తి కవరేంది పెదనాయనా? నువ్వు పంచె తెస్తవనుకున్న."

"తెచ్చిన. సంచిలనే ఉంది."

"మరి?"

"నాకు చీరల సంగతి తెల్వదు. నచ్చకుంటే గద్వాలకు రా. మనింట్ల దిగి, మంచిది నువ్వే ఏరుకో."

ఆమె కవరు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. తర్వాత అన్నం వడ్డించింది. పప్పులో ఉప్పు ఎక్కువైంది.

మూడింటి బస్సులో వనపర్తి దాకా కూర్చొని నవల ముగించాను. బాగా రాశారు, చదవండి. కాని ఆ తండ్రితో నాకు విసుగొచ్చింది. అంత పెద్ద ఇంటివాడు, చివరి పేజీ దాకా గడప దాటలేదు, ఒక్క బస్సెక్కలేకపోయాడు.

వనపర్తిలో బస్సు మారి, గద్వాల దాకా నిలబడే వచ్చాను.